తలుపు తీసిన కారణం

"ఈ వైరు ఈడ పెట్టింది ఎవరు?"

నిచ్చెన దిగి వచ్చిన అమ్మాయి నడుం మీద చెయ్యి పెట్టుకుని అడిగింది. గదిలో ఉన్నది మేమిద్దరమే. ఆమె పెట్టలేదు. ఇక మిగిలింది ఎవరో చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు.

"నేనే మేడం. సాయం చేద్దామని."

"సాయమా? గంట నుంచి నెట్టు యాడ పోయిందా అని తల గోక్కుంటాండా! ఇది సెన్సర్ పెట్టే చోటు. నెట్ కేబుల్ ఈ చివరిదాంట్లో పెట్టాల."

"అన్నీ ఒకే రకంగా ఉండాయి గదా మేడం."

"వీధిలో ఇండ్లన్నిటికీ ఒకే రకం తలుపులుంటే, కనపడిందాంట్లోకల్లా దూరిపోతావా? పైన పేరు రాసుండాది. చదవాల."

అంతే, ఆ క్షణంలోనే నేను పడిపోయాను. తిట్లు తిని పడిపోయేవాణ్ణి నన్నే చూశాను.

నా పేరు ఏసుకుమార్. మాది కోసిగి. పత్తికొండలో కేశవయ్యగారి టమోటా కోల్డ్ స్టోరేజీలో ఆపరేటర్ని. రెండు గంటలకోసారి గాజు థర్మామీటర్ చూసి రిజిస్టర్లో రాయడం, గది తలుపు తీసినప్పుడల్లా టైమూ కారణమూ రాయడం నా పని. ఆ రిజిస్టర్ అంటే కేశవయ్యగారికి ప్రాణం. 'కారణం' అనే గడి ఖాళీగా కనిపిస్తే ఆ పూట ఆయనకు అన్నం దిగదు.

ఈ అమ్మాయి పేరు మహిమ. ఊరు ఎర్రగుంట్ల. కర్నూలు కంపెనీ తరఫున మా గదికి కొత్త మెషీన్ బిగించడానికి వచ్చింది. గోడకు చిన్న పెట్టె, దానికి మూడు సెన్సర్లు. వేడికొకటి, తేమకొకటి, తలుపుకొకటి. తలుపు రెండు నిమిషాలకు మించి తెరిచి ఉంటే ఫోనుకు మెసేజ్ పోతుంది.

"ఎవురి ఫోనుకు మేడం?"

"మీ కేశవయ్య సారుకు. ఈ పదైదు దినాలు నాకు కూడా. నేను ఒంటిగా బిగించిన మొదటి మెషీన్ ఇదే. ఒక్క తప్పుడు అలారం రాకుంటే పర్మినెంట్ చేస్తామన్నారు. వస్తే ఇంటికి పొమ్మంటారు. వైర్ల జోలికి రావాకప్పా, నీకు దండం పెడతా."

"దేవుని తోడు, ముట్టుకోను" అన్నాను.

వైర్లు ముట్టుకోలేదు, నిజమే. తలుపు సంగతి ఆమె అడగలేదు కదా.

మూడో రోజు మార్కెట్ నుంచి టమోటా బాక్సులు దిగాయి. పదకొండు గంటలు. తలుపు బార్లా తెరిచి లోపలికి సర్దుతున్నాం. ఫోన్ మోగింది.

"ఏమప్పా, తలుపేస్తావా, నేనొచ్చి ఏయాల్నా?"

రమ్మనాలని నాలుక చివరి దాకా వచ్చింది. మింగేసి తలుపు మూశాను. రిజిస్టర్లో బుద్ధిగా రాశాను కూడా.

మరుసటి రోజు బాక్సులు రాలేదు. పదకొండు మాత్రం వచ్చింది. నా చెయ్యి దానంతటది తలుపు మీదికి పోయింది. తీశాను. మూడు నిమిషాలాగి మూశాను. ఫోన్ మోగింది.

"మళ్ళా తీసినావా?"

తీశానంటే అర నిమిషంలో మాట అయిపోతుంది. "లేదు మేడం. మూసే ఉండాది" అన్నాను.

"అవునా? అయితే తలుపు మీద అయస్కాంతం చూడు, కదిలిందేమో. కేబుల్ గట్టిగా ఉండాదా? పచ్చ లైటు ఎలుగుతాండాదా?"

పది నిమిషాలు! పచ్చ లైటు వెలుగుతోంది. నా మొహం అంతకంటే ఎక్కువ వెలుగుతోంది.

"ఏం తిన్నావు పొద్దున?" అంది చివర్లో.

"ఉగ్గాని."

"బజ్జీ లేకుండానా? అందుకే నీకు మాట సరిగ్గా రాలేదు."

అట్లా ఏడు రోజులు. ఏడు అలారాలు, ఏడు ఫోన్లు. రిజిస్టర్లో ఒక్క అక్షరం రాయలేదు. కేశవయ్యగారు నమ్మేది రిజిస్టర్నే గానీ, ఫోన్లో మెసేజ్‌లు చూసే మనిషి కాదు. అది నిజమైన అలారమే కదా, ఆమెకేం నష్టం అనుకున్నాను. ఆ మెసేజ్ కర్నూల్లో ఆమె మేనేజర్ గోపీనాథ్ ఫోనుకు కూడా పోతోందని నాకు తెలియదు.

ఎనిమిదో రోజు ఇద్దరూ వచ్చారు. గోపీనాథ్ మా రిజిస్టర్ తిరగేసి బల్ల మీద పడేశాడు.

"ఏడు సార్లు అలారం వచ్చింది. రిజిస్టర్లో ఆ టైముల్లో ఒక్కసారి కూడా తలుపు తీసినట్టు లేదు. ఫోన్లో అడిగితే మూసే ఉందన్నాడంట. అంటే నువ్వు బిగించిన సెన్సర్ తప్పు చెప్తోంది. విప్పెయ్. సోమవారం నుంచి ఆఫీసుకు రావొద్దు."

మహిమ స్క్రూడ్రైవర్ తీసుకుని నిచ్చెన ఎక్కింది. పైనుంచి ఒక్కసారి నా వైపు చూసింది.

పన్నెండు డిగ్రీల గదిలో నాకు చెమటలు పట్టాయి. నిజం చెబితే నా ఉద్యోగం పోతుంది. ఈ ఉద్యోగం ఉందనే మా అమ్మ ఓబులమ్మ ఈ ఏడు మిరపకాయలు కోసే పనికి గుంటూరు వైపు పోకుండా ఇంట్లో ఉంది. చెప్పకపోతే ఆ పిల్ల ఉద్యోగం పోతుంది, నా వల్ల. ఛీ, నా బతుకు! సిగ్గుతో చచ్చిపోయాను.

రిజిస్టర్ లాక్కున్నాను. ఏడు తేదీలూ రాశాను. కారణం దగ్గర పెన్ను ఆగింది. కళ్ళు మూసుకుని అదీ రాసి, కేశవయ్యగారి చేతిలో పెట్టాను.

ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని, అందరికీ వినపడేట్టు చదివారు.

"పద్నాలుగో తేదీ, పదకొండు గంటలు. కారణం, మహిమ ఫోన్ చేస్తాదని. పదైదు, పదకొండు గంటలు. కారణం, మహిమ ఫోన్ చేస్తాదని. పదహారు. కారణం, అదే. పదిహేడు. కారణం, అదే." ఆగి, అద్దాల మీదుగా నన్ను చూశారు. "ఆదివారం ఒంటిగంటకు తీసినావేమిరా?"

"చర్చిలో ప్రార్థన అయిపోయినాకనే వచ్చినానయ్యా."

గోపీనాథ్ నవ్వలేదు. "ఆ అమ్మాయిని కాపాడాలని ఇప్పుడు రాస్తున్నాడు సార్. నేను నమ్మను."

అప్పుడు మహిమ నిచ్చెన దిగింది. సంచీలోంచి మడత పెట్టిన కాగితం తీసి గోపీనాథ్ ముందు పరిచింది.

"ఇది గదిలో వేడి గ్రాఫ్ సార్. తలుపు అలారం వచ్చిన ఏడు సార్లూ వేడి పెరిగింది. మూసిన తలుపులోంచి ఎండ లోపలికి ఎట్లొస్తాది?"

గోపీనాథ్ కాగితం చూశాడు, పెట్టె చూశాడు, చివరికి నన్ను చూశాడు. "సెన్సర్ బాగుంది. మనిషే బాగాలేడు" అని జీపు దగ్గరికి నడిచాడు.

వైర్లు చుట్టుకుంటున్న మహిమ దగ్గరికి పోయాను.

"నీకు ముందే తెలుసా?"

"రెండో దినానికే తెలుసు."

"మరి ఫోన్ ఏంటికి చేస్తాంటివి?"

"ఉగ్గాని తిన్నావో లేదో కనుక్కుందామని" అంది తల ఎత్తకుండా. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"ఆ కాగితం వచ్చీ రాగానే చూపిచ్చింటే పోయేది గదా! నా గుండె ఆగిపోయినంత పనాయె."

"నువ్వు చెప్తావా లేదా అని చూస్తాంటి. చెప్పకపోయింటే గ్రాఫ్ చూపిచ్చి, నీ మొహం మళ్ళా చూడకుండా పోయేదాన్ని." జీపు ఎక్కాక అంది, "శానా సేపు పట్టింది నీకు."

కేశవయ్యగారు నన్ను పనిలోంచి తీసేయలేదు. గది తాళం చెవి మాత్రం ఆయన మొలతాడుకు చేరింది. బాక్సులొస్తే ఆయనే వచ్చి తీస్తారు. మహిమకు ఫోన్ చేసే మొహం లేక నేను చేయలేదు. పదిహేను రోజులు దాటాయి. ఆమెకు పర్మినెంట్ అయిందని కేశవయ్యగారి ద్వారా తెలిసింది. ఆ పూట ఉగ్గాని తిన్నాను గానీ రుచి తెలియలేదు.

నెల తర్వాత ఒక పొద్దున వాన కురుస్తోంది. పత్తికొండలో వాన పడటమే వింత. ఆ వానలో తడుచుకుంటూ మహిమ వచ్చింది.

"మెషీన్ బాగుండాది గదమ్మా, ఏంటికొచ్చినావు?" అన్నారు కేశవయ్యగారు రిజిస్టర్ ముందుకు తోస్తూ. బయటివాళ్ళెవరొచ్చినా అందులో రాయాల్సిందే.

ఆమె పేరు రాసింది, టైము రాసింది, కారణం రాసి రిజిస్టర్ నా వైపు తిప్పింది.

'ఏసుకుమార్ ఫోన్ చేయలేదని.'

కేశవయ్యగారు వంగి చదివారు. మొలతాడు నుంచి తాళం చెవి విప్పి నా చేతిలో పెట్టారు.

"మీ అమ్మను ఎర్రగుంట్లకు పోయి పిల్లను అడిగి రమ్మని చెప్పు. బండి నేను పంపిస్తా."

నేను నేరుగా పోయి గది తలుపు బార్లా తీసి, పక్కన నిలబడ్డాను. మహిమ వచ్చి నా పక్కన నిలబడింది. రెండు నిమిషాలు గడిచాయి. అలారం మెసేజ్‌తో ఆమె చేతిలో ఫోన్ మోగింది. పదైదు దినాలన్నది, నెలయినా మెషీన్లోంచి తన నంబరు తీయలేదన్నమాట.

"తీసినావా?" అంది, నవ్వు ఆపుకుంటూ.

"తీసినా" అన్నాను.