వరస కలిపిన చోటు

హైదరాబాదులో కూర్చుని సముద్రం సంగతి చెబుతున్నానని నవ్వకండి. కాకినాడ ఒడ్డు కనుమరుగయ్యేంత లోపల ఒక చోటుంది. నీళ్ల కింద రెండు పెద్ద రాళ్లు, వాటి చుట్టూ బోలెడు చేపలు. అయినా పడవవాళ్లు అక్కడ గాలం వెయ్యరు. ఆ చోటు పేరెత్తితే చాలు, మాట మార్చేస్తారు.

నా తమ్ముడు మార్క్‌కి ఇలాంటివి చెప్తే వింటాడా? అమ్మానాన్నా పోయాక వాడికి నేను, నాకు వాడు, అంతే. పంజాగుట్టలో నా ఇల్లు, అమీర్‌పేటలో వాడి అద్దెగది. వాడి ఆఫీసు స్నేహితుడు భార్గవ్ ఉన్నాడే, "మా ఊరెళ్దాం, నడిసముద్రంలో చేపలు పడదాం" అని వాణ్ణి ఎగదోశాడు. ఇద్దరూ పోయారు. తిరిగొచ్చిన మర్నాడు సాయంత్రం భార్గవ్ ఒక్కడే మా ఇంటికి వచ్చాడు. కుర్చీలో కుదురుగా కూర్చోలేక, మధ్యమధ్య గుమ్మం వైపు చూస్తూ వాడు చెప్పిందే ఇది.

పగలంతా బాగానే గడిచిందట. ఎండ, ఉప్పుగాలి, గాలానికి పడిన వంజరం చేపలు. పొద్దుగూకే వేళ మార్క్ పట్టుబట్టి పడవను ఆ రాళ్ల వైపు తిప్పించాడు. పడవ నడిపే సత్యరాజు అక్కడ ఇంజను ఆపి, గొంతు బాగా తగ్గించి అన్నాడట—

"వెనకటికి ఇక్కడ అన్నదమ్ముల పడవ తిరగబడింది బాబూ. తమ్ముడు అన్నని వదిలేసి ఈదుకుంటూ పోయాడు. ఆ అన్న ఇంకా ఇక్కడే ఉన్నాడు... ఎవరు కనబడినా సరే, వరస కలిపి పిలవకండి."

మార్క్ నవ్వాడు. హైదరాబాదులో పెరిగినవాడు మరి. ఆటోవాడూ అన్నే, చాయ్ పోసేవాడూ అన్నే, దారి చెప్పినవాడూ అన్నే.

కాసేపటికి వాడి గాలం బిగుసుకుంది. లాగాడు... రాలేదు. పడవ అంచు మీంచి కిందికి వంగి—

"అన్నా, పైలం... జర చెయ్యియ్యి," అన్నాడు.

నీళ్లలో ఎవరూ లేరు.

"ఎవరితోరా మాట్లాడుతున్నావు?" అన్నాడు భార్గవ్.

మార్క్ వినలేదు. రెండు చేతులూ చాచి పైకి లాగాడు. పడవ ఒక్కసారిగా కుంగింది... ఇంకో మనిషి ఎక్కినట్టు.

సత్యరాజు వెంటనే ఇంజను వేసి పడవను ఒడ్డుకి తిప్పాడు. ఒడ్డు చేరాక మొహం మీదే అన్నాడట, "మళ్లీ నా పడవ దగ్గరికి రాకండి. ఇద్దర్ని తీసుకెళ్లి ముగ్గుర్ని తెచ్చాను."

కారులో మార్క్ వెనక సీట్లో ఓ మూలకి ఒదిగాడట, పక్కన ఎవరికో చోటిచ్చినట్టు. దారి పొడుగునా గుసగుసలే.

నాకు ఒళ్లు మండింది. "సిగ్గు లేదా నీకు? వాన్ని గట్ల ఒక్కన్ని ఇడిసిపెట్టి నా కాడికొచ్చినవా?" అని కసిరాను.

భార్గవ్ తల దించుకున్నాడు. ఎప్పుడూ నన్ను అన్నా అని నోరారా పిలిచేవాడు, ఆ రోజు గారు అన్నాడు.

"అది కాదు జెరెమియా గారూ... పక్కనున్న దాన్ని వాడు మీ పేరు పెట్టి పిలుస్తున్నాడండీ."

ఫోన్ చేశాను. మార్క్ ఎత్తలేదు. పరుగున పోయాను. మూడో అంతస్తు మెట్లెక్కేసరికి వాడి తలుపు సందులోంచి నీళ్లు కారుతున్నాయి, ఉప్పు కంపు కొడుతున్నాయి. లోపల కంచాల చప్పుడు... ఇద్దరు భోంచేస్తున్నారు.

తలుపు తట్టాను.

"ఎవరు?"

"నేనురా, అన్నని. తలుపు తియ్యి తమ్మీ."

కంచాల చప్పుడు ఆగింది. నాకు భయం కన్నా ఏడుపే ఎక్కువ వచ్చింది. జ్వరమొస్తే నా చొక్కా పట్టుకుని పడుకునేవాడు వీడు. మళ్లీ తట్టాను.

"జెరెమియానిరా... దండం పెడ్త, తియ్యిరా."

తలుపుకి అవతల మార్క్ గొంతు వణికింది. నాతో కాదు మాట్లాడుతున్నది—

"అన్నా... నువ్వు చెప్పినట్టే వచ్చింది. అచ్చం నీ గొంతే."