జొన్నల మూట ఎక్కిన సీటు

"నా బిడ్డను ఎక్కడికి పంపిద్దామని చూస్తున్నారు అత్తమ్మా? ఇవాళ నిజం చెప్పి తీరాలి!"

తొమ్మిది నెలల తెరేజాను గుండెకు అదుముకుని గుమ్మానికి అడ్డంగా నిలబడింది సారమ్మ. వాకిట్లో భర్త అంతోని సైకిలు. ముందు కమ్మీకి బిగించిన కొత్త పేము సీటు... అందులో పట్టీలతో కట్టిన జొన్నల మూట!

పది రోజులుగా ఆమెలో అనుమానం రాజుకుంటూనే ఉంది. అంతోని గురజాల బజారులో టైలరు. నిద్రపోతున్న పిల్లకు టేపు పెట్టి నడుమూ, తొడలూ కొలిచాడు. గౌను కుడతాడేమోనని మురిసిపోయింది పిచ్చిది! గౌనూ రాలేదు, గుడ్డపీలికా రాలేదు. మర్నాడు అత్త మరియమ్మ పిల్లను కొట్టుకు తీసుకుపోయి, కాటాలో కూర్చోబెట్టి, సరిగ్గా అంత బరువు జొన్నలు తూయించుకొచ్చింది. ఎందుకంటే "ఊరకే" అంది. ఊరకే ఎవరైనా పసిబిడ్డను తూస్తారా? నిన్న ఎడ్లపాడు నుంచి ఆడబిడ్డ ఫిలోమినా కార్డు వచ్చింది. "సీటు పని ఎంతవరకు వచ్చిందమ్మా? వదినకు మాత్రం తెలియనీయకండి." రహస్యాన్ని కార్డుముక్క మీద రాసే తెలివి ఆ మహాతల్లిది!

ఫిలోమినాకు ఇద్దరు పుట్టి, ఇద్దరూ దక్కలేదు. ఇక్కడ సారమ్మకు సోమవారంతో సెలవు అయిపోతుంది. నాలుగు మైళ్ళ అవతల ఊళ్ళో పంతులమ్మ ఉద్యోగం. పిల్ల తల్లిపాలు తప్ప చుక్క ముట్టదు. మానేస్తానని సారమ్మ కాగితం రాసుకుంటే, అత్త ససేమిరా వీల్లేదంది. మరి పిల్ల సంగతేమిటంటే నోరు విప్పదు! ఇక అనుమానం రాకేం చేస్తుంది?

"ఏంది సారా ఆ మాటలు! పిల్లని ఎవురికిస్తామే?" అన్నాడు అంతోని నొచ్చుకుని.

"మరి ఆ మూటేమిటి? ఆ కార్డేమిటి? ఫిలోమినాకు ఇచ్చేయడానికి కాదూ?"

మరియమ్మ అరుగు మీద కూలబడింది. "చెప్పరా... ఇంకేం దాస్తావు."

"మజ్జానం పూట పిల్లని బడికాడికి తెచ్చి పాలిప్పిద్దామనే! ఖాదర్ వలి సైకిలు షాపులో ఇనప చువ్వల సీటు చూశా. గట్టిదే గానీ ఎండకి కాలుద్ది. అందుకని పేముది చేయించా. అమ్మ దాన్నీ నమ్మలా. పిల్ల బరువు జొన్నలేసి ఆ రాళ్ళబాట మీద తొక్కి రమ్మంది. మొదటిరోజు మూట పక్కకి ఒరిగింది, పట్టీలు ఏయించా. రెండోరోజు మూట కొస చక్రం పుల్లల్లో పడింది, కాళ్ళకి అడ్డంగా చెక్క పెట్టించా. ఎనిమిది రోజులు తొక్కానే! ఇయ్యాల గింజ రాలలా."

సారమ్మ గుమ్మం దిగి వచ్చి పిల్లను అంతోని చేతికిచ్చింది. "నాకు... నాకెందుకు చెప్పలేదు అత్తమ్మా?"

"పిల్ల పడదని తేలేదాకా నీకు ఆశ పెట్టకూడదనుకున్నానమ్మా..." మరియమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "వీడికంటే ముందు నాకో ఆడపిల్ల. కూలికి పోతా బండి మీద ఒళ్ళో పెట్టుకున్నా. చానా అలిసిపోయున్నా... కునుకు పట్టింది. బండి గోతిలో పడింది. నా ఒళ్ళోంచి జారిపోయింది తల్లీ! ఈ చేతుల్లోంచే..."

సారమ్మ గుండె చెరువైపోయింది. ముప్పై ఏళ్ళుగా ఏ బండీ, ఏ బస్సూ ఎక్కని మనిషి! పండక్కి చర్చికైనా మండుటెండలో నడిచే వెళ్ళేది. పిసినారి అని ఊరంతా నవ్వుకుంది. సారమ్మా నవ్వుకుంది...

"అత్తమ్మా! మిమ్మల్ని ఎంత మాటన్నాను... నన్ను క్షమించండి!" అంటూ ఆమె ఒళ్ళో తలపెట్టి భోరుమంది.

"ఊరుకో. కన్నతల్లివి, అనుమానపడకుండా ఎట్టా ఉంటావు?"

సారమ్మ లోపలికి వెళ్ళి, పెట్టెలోంచి ఉద్యోగం మానేస్తానని రాసిన కాగితం తీసి పొయ్యిలో పెట్టింది.

సోమవారం మధ్యాహ్నం బడి గంట కొట్టారు. సారమ్మ వరండాలోకి పరుగెత్తుకొచ్చింది. దూరంగా సైకిలు వస్తోంది. సీటులో తెరేజా రెండు చేతులూ ఊపుతోంది. వెనక కారియర్ మీద... ఎవరది? మరియమ్మ! కళ్ళు గట్టిగా మూసుకుని, పిల్ల నడుముకు కట్టిన పట్టీ కొసను పిడికిట్లో బిగించుకుని కూర్చుంది. పెదవులు జపం చేస్తున్నాయి.

సైకిలు ఆగింది. అయినా ఆమె కళ్ళు తెరవలేదు.

"సారమ్మా... వచ్చావా తల్లీ? నాకు చూసే ధైర్యం లేదు. నువ్వే చూసి చెప్పు... పిల్ల ఉందా?"

సారమ్మ బిడ్డను ఎత్తి అత్త ఒళ్ళో పెట్టింది.

"ఉందత్తమ్మా... ఉంది!"