నీటికాపరి నేర్చుకున్న మాట

కదిరిలో గాలినుంచి నీళ్ళు పిండే మిషన్లు వచ్చినాక, పెరట్లో ఈతకొలను లేని ఇంటిని అందరూ అదోరకంగా చూసేవాళ్ళు. ఒకప్పుడు ట్యాంకరు వస్తే బిందెలు ఎత్తుకుని జుట్లు పట్టుకున్న ఊరే అది. ఇప్పుడు మిద్దెమీద మిషను గాలిలోని తడిని పట్టి చుక్కచుక్కగా దించుతా ఉంటే, ఆ నీళ్ళతో ఏం చేసుకోవాలో తోచక జనం గుంతలు తవ్వి నీలంరాళ్ళు పరిపించుకున్నారు. సాయంత్రమైతే కొళాయికాడ మాట్లాడుకున్నట్టే గోడకు అవతలివాళ్ళు, ఇవతలివాళ్ళు "మీ నీళ్ళకి క్లోరిన్ ఎంత చూపిస్తాంది?" అని పలకరించుకునేవాళ్ళు.

కదిరప్ప కొలను కట్టించింది గొప్పకి కాదు, వాళ్ళక్క ఓబుళమ్మ కోసం. ఆమె మోకాళ్ళు అరిగిపోయినాయి. కొత్త కీళ్ళు వేయిద్దామంటే ఎముక పట్టదన్నారు డాక్టర్లు. "నీళ్ళలో నడిపించండి. నీళ్ళు బరువు మోస్తాయి, కాళ్ళకు కదలిక వస్తుంది. నడవకపోతే ఇంక మంచమే" అని చెప్పేసినారు. భార్య పోయినాక కదిరప్పకు ఆ అక్కే దిక్కు, అక్కకు ఆ తమ్ముడే దిక్కు. మంచమే అన్న మాట విని అక్క నవ్వింది గానీ, కదిరప్పకు మాత్రం నాలుగు రోజులు ముద్ద దిగలేదు.

కొలనుతో పాటు నీటికాపరిని ఇచ్చినారు. ముంత అంత ఉంటుంది, నీళ్ళమీద తేలుతా తిరుగుతుంది. నీళ్ళను రుచి చూస్తుంది, మందు కలుపుతుంది, మాట్లాడుతుంది. అది కలిపే మందులు రెండు. క్లోరిన్ నీళ్ళలో పురుగును చంపుతుంది. అయితే కదిరి ఎండకు అది నిలవదు. పొద్దున వేస్తే మధ్యాన్నానికల్లా ఎగిరిపోతుంది. అందుకే రెండోది. కంపెనీవాళ్ళు దాన్ని స్టెబిలైజర్ అంటారు, ఊళ్ళో జనం పట్టుమందు అన్నారు. అది క్లోరిన్ చెయ్యి పట్టుకుని ఎండకు పోనీకుండా నిలుపుతుంది. కాకపోతే ఒక తిరకాసు ఉంది. క్లోరిన్ ఏ రోజుది ఆ రోజు ఖర్చైపోతుంది. పట్టుమందు పోదు, వేసింది వేసినట్టే నీళ్ళలో ఉండిపోతుంది. అందుకని అది వేసే ముందు ఇంటివాళ్ళను అడిగి తీరాలని చట్టం.

అడగాలంటే మాట తెలియాల కదా. శ్రీకాకుళం మాట వేరు, కదిరి మాట వేరు. అందుకే నీటికాపరిని ఏ భాషా పెట్టకుండా పంపుతారు. ఏ ఇంటికి పోతే ఆ ఇంటివాళ్ళ మాటలు విని నేర్చుకుంటుంది. నేర్చుకోవడం అయ్యేదాకా దాని నెత్తిమీద పసుపు లైటు వెలుగుతా ఉంటుంది. ఆకుపచ్చ లైటు వస్తే మనుషులు దిగొచ్చు.

ఆ లైటు ఎప్పుడు మారుతుందా అని ఓబుళమ్మ కొలను గట్టుకాడే కుర్చీ వేయించుకుంది. అన్నాలూ అక్కడే.

"ఇంకో ముద్ద వేసుకోరా."

"చాలక్కా."

"ఏం చాలు? పిచ్చుక తిన్నట్టు తిని. పట్టు." సంగటి ముద్ద కంచంలో పడేది. మీద ఊరిబిండి పచ్చడి.

"చాలు చాలు చాలు!"

"మూడుసార్లు అన్నావంటే ఆకలి మీద ఉండావు" అని ఇంకొంచెం వేసేది. కూర్చున్న చోటునుంచి లేవలేదు గానీ, ఆమె గరిటె ఊరంతా చేరగలదు. పక్కింటివాళ్ళు గోడమీదనుంచి తొంగి చూస్తే వాళ్ళకీ పూర్ణం ఓళిగలు పడాల్సిందే. వాళ్ళూ "చాలవ్వా" అంటానే చేతులు చాపేవాళ్ళు.

పొద్దున్నే నీటికాపరి గట్టుకాడికి తేలి వచ్చేది. "పెద్దాయనా, ఈ పొద్దు పట్టుమందు చాలా? ఇంగా వెయ్యనా?"

"చాలు" అని కదిరప్ప తన పని చూసుకునేవాడు.

పసుపు లైటు పచ్చగా మారాల్సింది. ఎర్రగా మారింది. నీళ్ళు తెల్లగా, మజ్జిగ తేట మాదిరి అయినాయి. గోడవారన నాచు జిగట పట్టింది. కదిరప్ప కొలతపట్టీ ముంచి చూస్తే క్లోరిన్ దండిగానే ఉన్నట్టు చూపించింది. ఉండీ పని చెయ్యకపోవడమేందో అతనికి అంతుబట్టలేదు.

కంపెనీనుంచి షమీనా వచ్చింది. ఆ ఊరి పిల్లే, నీటి సైన్సు చదువుకుంది. నీళ్ళు సీసాలో పట్టి, ఎండకు పెట్టి చూసి తల పట్టుకుంది.

"తాతా, పట్టుమందు యాభై దాటకూడదు. నీ నీళ్ళలో నూట ఎనభై ఉంది!"

"ఉంటే ఏమైతుంది పాపా? గట్టిగా పట్టుకుంటుంది కదా?"

"అదే తంటా. మరీ గట్టిగా పట్టుకుంది. క్లోరిన్ ఎండకు పోవడంల్యా, పురుగుమీదికీ పోవడంల్యా. చెయ్యి వదిలితే కదా అది పని చేసేది?"

"నేను రోజూ చాలనే చెప్పినా."

షమీనా నీటికాపరి వైపు తిరిగింది. "ఆయన చాలంటే నువ్వెందుకు వేసినావు?"

"ఆయన చాలన్నారు కాబట్టే వేసినా" అంది నీటికాపరి. "ఈ ఇంట్లో చాలు అంటే ఇంకొకసారి వెయ్యమని. మూడుసార్లు అంటే గట్టిగా వెయ్యమని. నేను విన్న ప్రతిసారీ అట్లనే జరిగింది. వద్దన్నవాళ్ళు కూడా తిని, బాగుందన్నారు."

షమీనా ముందు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత ఆపుకోలేక గట్టుమీద కూలబడి నవ్వింది. కదిరప్పా నవ్వినాడు. ఓబుళమ్మ మాత్రం నవ్వలేదు.

"అయితే నా గరిటే నా నీళ్ళను చెరిపిందన్న మాట" అంది, ఒడిలో చేతులు చూసుకుంటా.

కదిరప్ప నవ్వు అక్కడికక్కడ ఆగిపోయింది.

పట్టుమందును నీళ్ళలోనుంచి తీసే మందు లేదు. ముప్పాతిక నీళ్ళు వదిలేసి కొత్తనీళ్ళు పట్టాల్సిందే. తూము తియ్యమంటే కదిరప్పకు చెయ్యి రాలేదు. ట్యాంకరు కాడ అర బిందె కోసం మోచెయ్యి పగలగొట్టుకున్నవాడు, అన్ని నీళ్ళు కాలవలోకి ఎట్ల వదులుతాడు? చివరికి ఓబుళమ్మే చేతికర్ర కొసతో తూము మీట నొక్కింది. గళగళమని నీళ్ళు పోతా ఉంటే అతను మొహం తిప్పుకున్నాడు.

మిద్దెమీద మిషను నిదానంగా మళ్ళీ నింపింది. నిండిన పొద్దు షమీనా వచ్చి తన చేత్తోనే మందులు కలిపింది. పట్టుమందు ఒక మోస్తరు, క్లోరిన్ సరిపడా. అడుగున రాయి గీత కూడా కనిపించేటంత తేటగా నీళ్ళు వచ్చినాయి.

"ఇప్పుడు దీనికి ఆపుమాట నేర్పాల" అంది. "ఎక్కడ ఆగాలో చెప్పే మాట. అది మేము పెట్టకూడదు, ఇంటివాళ్ళ నోటినుంచే రావాల. గొంతులో అబద్ధం ఉంటే పట్టేస్తుంది. మనసులో నిజంగా చాలని ఉండి, చాలనాల."

"అదెంత పని?" అని కదిరప్ప గొంతు సవరించుకున్నాడు. "చాలు!"

"మాట విన్నా" అంది నీటికాపరి. "దాంట్లో చాలు లేదు."

"చాలు అంటే చాలే!"

"కోపం ఉంది. చాలు లేదు."

ఓబుళమ్మ అంది. అదీ కాదంది నీటికాపరి. గోడ అవతలివాళ్ళను పిలిపించి అనిపించినారు. "మొహమాటం ఉంది" అని చెప్పేసింది. షమీనాకు పట్టుదల వచ్చింది. ఓబుళమ్మ చేతిలో ఓళిగ ఉంది, అప్పటికే రెండు తిన్న షమీనా చెయ్యి అడ్డం పెట్టి, "చాలవ్వా, నిజంగా చాలు" అంది.

నీటికాపరి ఒక సుట్టు తిరిగింది. "ఆమెకు ఇంకొకటి పెట్టండి."

షమీనా మొహం ఎర్రబడింది. తలొంచుకుని ఓళిగ తీసుకుంది. తింటానే పెదవి కొరుక్కుంది. "తాతా, నేను పోయేలోపల ఇది ఆపుమాట నేర్వకపోతే కొలనుకు మూత వేసి సీలు వెయ్యాల. చట్టం. నేను రోజూ వచ్చి చేత్తో కలపలేను కదా. మళ్ళీ కొత్త కాపరి రావాలంటే వచ్చే ఎండాకాలమే."

వచ్చే ఎండాకాలానికి అక్క కాళ్ళు ఎట్లుంటాయో కదిరప్పకు తెలుసు. కుర్చీలోనుంచి లేపేదానికి ఈ మధ్య రెండు చేతులూ చాలడం లేదు.

"సీలు వేస్తే వేద్దువులే" అంది ఓబుళమ్మ. "నీళ్ళు బాగుండాయి కదా ఇప్పుడు? ఒక్కతూరి దిగనీ."

షమీనా ఒక చెయ్యి, కదిరప్ప ఒక చెయ్యి పట్టుకుని మెట్లమీదుగా దించినారు. ఒకటో మెట్టుకు ఆమె పళ్ళు బిగించింది. నడుం లోతు వచ్చేసరికి పళ్ళు వదిలింది. రొమ్ము లోతు వచ్చేసరికి వాళ్ళ చేతులు విదిలించింది.

"వదలండి. నన్ను వదలండి."

కదిరప్పకు వదలబుద్ధి కాలేదు. షమీనా అతని వేళ్ళు మెల్లగా విడిపించి, మెట్లమీదికి లాక్కొచ్చింది.

ఓబుళమ్మ నిలబడింది. ఒక అడుగు వేసింది. కర్ర లేదు, గోడ లేదు. ఇంకొక అడుగు. నీళ్ళు ఆమెను చంకల కింద పట్టి ఎత్తుకున్నట్టే ఉంది. చీర కొంగు తామరాకు మాదిరి వెనక తేలుతా వచ్చింది.

"ఒరేయ్ కదిరా, చౌటతోట బావి జ్ఞాపకముందా?"

ఎందుకుండదు? వాళ్ళ చిన్నప్పుడు ఒక్క ఏడాది వాన దంచి కొట్టి, ఎండిన బావి అంచులదాకా నిండింది. అంతవరకు ఆ పిల్లలు నిండిన బావిని చూసిందే లేదు. అక్క వీడి నడుముకు ఖాళీ నూనెడబ్బా కట్టి నెట్టింది. వీడు గుక్కలు మింగి కేకలు పెడితే, "నేనుండా కదరా, కొట్టు కాళ్ళు!" అని పక్కనే ఈదింది. ఆకుపచ్చ నీళ్ళు, పావురాల రెట్ట వాసన, రాళ్ళ సందున కప్పలు. ఏ మందూ లేదు, ఏ కొలతా లేదు. తరువాతి ఏడాదికి బావి ఎండింది. మళ్ళీ నిండలేదు. అక్క పెళ్ళైపోయింది. ఆమె ఈత కొట్టడం మళ్ళీ ఎవరూ చూడలేదు.

"ఆ పొద్దు నువ్వు నా జుట్టు పట్టుకుని పీకినావు, నొప్పికి చచ్చినా" అంది ఓబుళమ్మ కొలను నడిమధ్యలో. ఈ కొసకు నడిచింది. ఆ కొసకు నడిచింది. మధ్యలో ఒకసారి రెండు కాళ్ళూ నేలనుంచి ఎత్తి, వెల్లకిలా తేలింది. చెవుల్లోకి నీళ్ళు పోయినట్టున్నాయి, తనలో తను నవ్వుకుంటా ఉంది. ఎండ మొహంమీద పడుతున్నా కళ్ళు మూసుకోలేదు.

చాలాసేపటికి నిలబడింది. మొహం తుడుచుకుంది. ఎవరితోనూ అనలేదు, ఎవరూ ఏమీ అడగలేదు.

"చాలు" అంది.

గొంతు పెద్దది కాదు. ఊపిరి మాదిరి వచ్చింది.

నీటికాపరి ఉన్నచోటే ఆగిపోయింది. దాని నెత్తిన లైటు మినుకుమని, పచ్చగా వెలిగింది.

"వచ్చింది!" షమీనా గట్టుమీద ఎగిరింది. "అవ్వా, నేర్చుకుంది! సీలు లేదు, ఏమీ లేదు! రోజూ దిగొచ్చు!"

కదిరప్ప తువ్వాలు పట్టుకుని మెట్టుకాడికి వచ్చినాడు. సంతోషపడాల్సినవాడు తువ్వాలు చాపకుండా వెనక్కు పట్టుకున్నాడు. "అదేందక్కా అప్పుడే? ఇంకొక్క సుట్టు తిరుగు."

"చాలంటి కదరా."

"ఒక్కటంటే ఒక్కటే."

నీటికాపరి పచ్చలైటుతో అతని కాళ్ళకాడికి తేలి వచ్చింది. "పెద్దాయనా, మీకు చాలా?"

అలవాటు కొద్దీ అతని నోరు "చాలు" అనేదానికి తెరుచుకుంది. డెబ్బై ఏండ్లుగా ఎవరేం పెట్టినా, ఏం అడిగినా ముందు ఆ మాటే వచ్చేది. నీళ్ళలో నిలబడిన అక్కను చూసినాడు. తడి తెల్లజుట్టు నుదుటికి అతుక్కుని ఉంది. మాట నోట్లోనే మారిపోయింది.

"లేదు" అన్నాడు. "నాకు చాల్లేదు."

నీటికాపరి ఒక సుట్టు తిరిగింది. "ఇది కూడా నిజమే" అంది తర్వాత. "ఈ ఇంట్లో ఈ మాట వినడం ఇదే మొదలు."

"వింటివి లే, పక్కకు జరుగు" అని ఓబుళమ్మ దాన్ని అరచేత్తో అవతలికి నెట్టింది. తమ్ముడి మొహంమీద ఇన్ని నీళ్ళు చల్లింది. "చాలకపోతే దిగరా! బొమ్మ మాదిరి గట్టున నిలబడి ఏడిస్తే చాలుతుందా?"

కదిరప్ప తువ్వాలు షమీనా చేతిలో పెట్టి, తడి పంచెతోనే మళ్ళీ నీళ్ళలోకి దిగినాడు.