అక్క ఒత్తిన బొమ్మ

ముందు ట్రాలీ ఆటో. వెనక బైకు.

రెండూ తగ్గడం లేదు!

వనపర్తి దాటి పది నిమిషాలైంది. అప్పుడప్పుడే చీకటి పడుతోంది. పెబ్బేరు రోడ్డు మీద ఎదురొచ్చే లారీల లైట్లు సాంసన్ కళ్లలో కొడుతున్నాయి. అయినా యాక్సిలరేటర్ మీద అతని పట్టు సడలడం లేదు.

ట్రాలీ తోలుతున్నవాడి పేరు భానుప్రకాశ్. ఆ పేరు సాంసన్‌కు తెలిసి అరగంట కూడా కాలేదు. పన్నెండు రోజుల కింద పగిలిన హెడ్‌లైట్‌తో వచ్చిన ట్రాలీ ఎవరిదని వనపర్తిలో ఒక మెకానిక్‌ను అడిగాడు. మెకానిక్ పేరు చెప్పాడు. రోడ్డు అవతల టీ తాగుతున్న మనిషిని చూపించాడు కూడా.

ఆ మనిషి సాంసన్ మొహం చూశాడు.

అంతే! టీ గ్లాసు పారేసి ట్రాలీ ఎక్కాడు.

తప్పు చెయ్యనివాడు ముక్కూ మొహం తెలియనివాణ్ణి చూసి ఎందుకు పారిపోతాడు?

ట్రాలీ ఒక్కసారిగా పక్కకు మళ్లింది. వెనక కట్టిన తాడు తెగింది. మామిడికాయలు మోసే ఖాళీ ప్లాస్టిక్ ట్రేలు... ఒకటి, రెండు, పది... రోడ్డు మీదికి ఎగిరి పడ్డాయి!

సాంసన్ బ్రేకు నొక్కలేదు. ఒక ట్రే ముందు చక్రం కింద నలిగింది. ఇంకొకటి మోకాలికి తగిలింది. బైకు ఊగింది... ఊగి నిలబడింది.

చెవిలో ఇయర్‌ఫోన్ మోగింది. పావని. అక్క కూతురు.

"మామా, దొరికిండా?"

"ముంగటనే ఉన్నడు బిడ్డా."

"వాణ్ణి ఇడువకు మామా."

"ఇడువ."

"అమ్మ ఫోన్ల కాల్స్ అన్నీ ఎందుకు డిలీట్ కొట్టిండో అడుగు. అమ్మ నీకు చేసిందో లేదో అడుగు."

"అడుగుత బిడ్డా."

పన్నెండు రోజులుగా ఆ పిల్ల అడుగుతున్నది ఆ చివరి మాటే.

నాగర్‌కర్నూల్‌కు పది కిలోమీటర్లలో, ఊరి దారి మలుపు దగ్గర ఏదో బండి అక్క సత్యమ్మను గుద్ది పోయింది. అక్కడ ట్రాలీ ఆటో హెడ్‌లైట్ ముక్కలు దొరికాయి. తెల్లారి పాలు తెచ్చేవాడు చూసేదాకా ఆమె రోడ్డు పక్కనే పడి ఉంది. గుద్దగానే ప్రాణం పోలేదని డాక్టరు చెప్పాడు. గంట, గంటన్నర బతికే ఉందట. ఎవరైనా దవాఖానకు తెస్తే దక్కేదట.

ఎవరైనా!

ఆ మాట సాంసన్‌ను నిద్రపోనివ్వడం లేదు. ఎందుకంటే అక్క ఫోన్ చేస్తే అతనికే చేస్తుంది. ఇంకెవరికీ చెయ్యడం ఆమెకు రాదు.

సత్యమ్మకు చదువు లేదు. బడికి పోయే వయసులో గద్వాల పక్క పత్తి విత్తనాల చేలల్లో పొద్దంతా పుప్పొడి అంటేలా పువ్వుకు పువ్వు అద్దే పని చేసింది. తను పోని బడికి తమ్ముణ్ణి పంపింది. ఆ తమ్ముడు నాగర్‌కర్నూల్‌లో సెల్‌ఫోన్ రిపేర్ షాపు పెట్టి, అక్కకో ఫోన్ బాగుచేసి ఇచ్చాడు. హోమ్ స్క్రీన్ మీద తన ఫొటో పెట్టాడు. పేరు వెతికే పని లేదు. నంబరు కొట్టే పని లేదు. ఫొటో మీద వేలు పెడితే తమ్ముడికి ఫోన్ పోతుంది.

"బొమ్మ ఒత్తుడే గద, నాకొచ్చులే," అని ఆరోజంతా మురిసిపోయింది పిచ్చి అక్క.

మరి ఆ రోజు ఎందుకు ఒత్తలేదు?

సాంసన్‌కు ఒక్క కాల్ కూడా రాలేదు. పావనికి తన ఫోన్ తెరిచి చూపించాడు కూడా. ఆ పిల్ల చూసింది. తలూపింది. మర్నాడు మళ్లీ అడిగింది. పోలీసులు యాక్సిడెంట్ అని రాసి, పొదల్లో తెర పగిలి దొరికిన అక్క ఫోన్‌ను కవర్లో పెట్టి ఇచ్చేశారు. ఈరోజు పొద్దున దానికి పాత డిస్‌ప్లే ఒకటి తగిలించాడు. టచ్ పనిచెయ్యలేదు కానీ తెర వెలిగింది. కేబుల్ పెట్టి చూస్తే కాల్స్ జాబితా మొత్తం ఖాళీ!

చావుబతుకుల్లో ఉన్న మనిషి కాల్స్ తుడుచుకుంటుందా?

ఎవడో తుడిచాడు. వాడు దొరికితే చంపేస్తానని పావనికి మాటిచ్చి బయల్దేరాడు సాంసన్.

మలుపు. ట్రాలీ తిరిగింది...

గొర్రెలు!

రోడ్డు నిండా మంద. మధ్యలో కాపరి ముసలాయన రెండు చేతులూ పైకెత్తి అరుస్తున్నాడు. ట్రాలీ టైర్లు కీచుమన్నాయి. బండి పక్కకు జారి, ముందు చక్రం గుంటలో దిగబడి ఆగింది.

భానుప్రకాశ్ దూకాడు. పక్కనున్న చెలకలోకి పరుగు!

సాంసన్ బైకును పడేశాడు. భుజాన లాప్‌టాప్ సంచి, చేతిలో వీల్ పానా. కాళ్ల కింద దున్నిన మట్టి. ఇరవై అడుగులు... పది... కాలర్ దొరికింది!

ఇద్దరూ బోర్లా పడ్డారు.

"కొట్టకన్నా! నీ కాల్మొక్త! కొట్టకు!"

"మా అక్కను గుద్దింది నువ్వేనా?"

"నేనే! నేనే అన్నా! గని సంపలే! ఆమె పానంతోనే ఉండె!"

పానా గాల్లోనే ఆగింది.

"లేపి కూసోబెట్టిన అన్నా. ఫోన్ చేతికిచ్చిన. ఆమెనే ఫోన్ల బొమ్మ మీద ఏలు పెట్టింది. నీ బొమ్మే! గందుకే ఇయ్యాల నిన్ను సూడంగనే గుర్తుపట్టి ఉరికిన."

సాంసన్ వాడి కాలర్ బిగించాడు.

"ఒత్తితే?"

"ఎవడో ఎత్తిండు."

"ఎవడు?"

"నాకు తెల్వదన్నా! మొగ గొంతే. ఏందో అన్నడు, కట్ చేసిండు. నా ఇంజిన్ నడుస్తుండె, మాట సక్కగ ఇనరాలే."

"అబద్ధం! ఆ బొమ్మ ఒత్తితే నాకొస్తది. నాకు రాలే!"

"యేసు తోడన్నా! దవాఖానకు పోదామంటే ఆమెనే వద్దన్నది. మా తమ్ముడు ఫోన్ ఎత్తిండు, నేనని తెలుసుకున్నడు, ఇగ వస్తడు, నువ్వు పో అన్నది."

సాంసన్ పానా దించి పక్కన పెట్టాడు.

"నిజం చెప్త. నాక్కూడ గదే కావాల్నని అనిపించింది. మళ్ల రెండు మూడు సార్లు ఒత్తింది, ఎవ్వరు ఎత్తలే. నా ఫోన్ల చార్జింగ్ లేకుండె. ఆమె ఫోన్ గుంజుకొని మా ఓనర్‌కు చేసిన. ఆయన నంబరు దొరుకుతదని అన్నీ డిలీట్ కొట్టి పొదల్ల ఇసిరిన. గంతే అన్నా... తప్పయింది అన్నా..."

ఏడుస్తున్నాడు వాడు. ఏడిస్తే ఎవడిక్కావాలి?

సాంసన్‌కు కావలసింది ఇప్పుడు వీడు కాదు. ఫోన్ ఎత్తినవాడు! చావుబతుకుల్లో ఉన్న ఆడమనిషి ఫోన్ చేస్తే, ఎత్తి, కట్ చేసినవాడు!

తమ్ముడొస్తాడని ఆమె ఎదురుచూసిందే... గంటన్నర... వాడి మూలంగా!

భానుప్రకాశ్‌ను ట్రాలీ దగ్గరికి లాక్కొచ్చి, తెగిన తాడుతోనే చేతులు వెనక్కి కట్టి, చక్రానికి ఆనించి కూర్చోబెట్టాడు. ట్రాలీ మీద లాప్‌టాప్ తెరిచాడు. కేబుల్ గుచ్చాడు. అక్క ఫోన్ వెలిగింది. తెర మధ్యలో తన ఫొటో పళ్లన్నీ కనిపించేలా నవ్వుతోంది.

లాప్‌టాప్ బ్యాటరీ తొమ్మిది శాతం!

ఈ బొమ్మ వెనక ఏ నంబరుంది?

కాంటాక్ట్స్ తెరిచాడు. తమ్ముడు... తన నంబరే. కొత్త నంబరు. సరిగ్గానే ఉంది.

గ్యాలరీలో వెతికాడు. అక్కడ ఉత్త ఫొటోనే ఉంది.

మరి నంబరెక్కడ? తెర మీది బొమ్మ ఎక్కడో ఒకచోట ఫైలుగా ఉండాలి కదా! ఏ బొమ్మ ఏ వరసలో ఉండాలో, వేలు పెడితే ఏం చెయ్యాలో ఎక్కడో రాసి ఉండాలి. పద్దెనిమిదేళ్లుగా ఫోన్లు విప్పుతున్నాడు. ఇది వెతికే అవసరం ఎప్పుడూ రాలేదు.

ఏడు శాతం.

హోమ్ స్క్రీన్ కూడా ఒక యాప్ లాంటిదే. దాన్ని లాంచర్ అంటారు. యాప్ అన్నాక దానికి లోపల సొంత ఫోల్డర్ ఉంటుంది. మామూలుగా ఆ ఫోల్డర్‌కు తాళం ఉంటుంది. కానీ ఈ ఫోన్ తాళాలన్నీ తనే తీసి మరీ అక్కకిచ్చాడు.

డేటా... మళ్లీ డేటా... లాంచర్... డేటాబేసెస్...

దొరికింది! లాంచర్ డాట్ డీబీ!

తెరిచాడు. గళ్లు గళ్లుగా ఒక పట్టిక. ఒక్కో బొమ్మకు ఒక్కో వరస. కెమెరా. టార్చి. ఆదివారం పాటలు. నాలుగో వరస...

తమ్ముడు.

దాని పక్కనే నంబరు.

సాంసన్ చదివాడు. మళ్లీ చదివాడు. చివరి నాలుగు అంకెలు నాలుగు, నాలుగు, ఒకటి, ఏడు.

కాంటాక్ట్స్‌లో ఉన్నది ఇది కాదు!

బొమ్మ పెట్టిన రోజు ఏ నంబరుందో, ఈ ఫైల్లో అదే నిలిచిపోయింది. తర్వాత పేరు దగ్గర నంబరు మార్చినా, బొమ్మ వెనక నంబరు మారలేదు.

"ఎవనిదన్నా ఆ నంబరు?" కింద నుంచి భానుప్రకాశ్ గొంతు. "ఎవడన్నా వాడు?"

సాంసన్ వేలు ఆ అంకెల మీదే ఉంది.

ఆ నంబరు అతనికి నోటికొచ్చు. పదేళ్లు వాడిన నంబరు. షాపు బోర్డు మీద ఎర్ర అక్షరాల్లో ఉన్న నంబరు. అక్క చనిపోవడానికి రెండు రోజుల ముందు, ఆదివారం, ఆ సిమ్‌ను ఒక చిన్న బటన్ల ఫోన్లో వేసి షాపు కౌంటర్ మీద పెట్టాడు. గిరాకీలకు అది, ఇంటివాళ్లకు కొత్తది. అదే సాయంత్రం అక్క ఇంటికి పోయి, ఆమె ఫోన్లో తమ్ముడు అన్న పేరు దగ్గర కొత్త నంబరు వేశాడు. బొమ్మ సంగతి తలపుకే రాలేదు.

మంగళవారం.

రాత్రి ఎనిమిదిన్నర. షట్టర్ సగం దించాడు. కౌంటర్ మీద బటన్ల ఫోన్ మోగింది. పేరు లేని నంబరు. ఆ ఫోన్లో ఎవరి పేర్లూ ఎక్కించలేదు ఇంకా. అక్క నంబరు అతనికి కంఠతా రాదు. ఈ రోజుల్లో ఎవరి నంబరు ఎవరికి కంఠతా వస్తుంది?

ఎత్తాడు.

అవతల ఏదో ఇంజిన్ మోత. ఎవరో ఆయాసపడుతున్న చప్పుడు. ఏదో అనబోయారు... సగం మాట...

"షాపు బందైంది. పొద్దుగాల రాండి," అన్నాడు.

కట్ చేశాడు!

మళ్లీ మోగింది. విసుగొచ్చింది. సైలెంట్‌లో పెట్టి డ్రాయర్లో పడేశాడు. ఇంటికి పోయి అన్నం తిన్నాడు. పడుకున్నాడు.

బైకు మీద పావుగంట దారి. పావుగంటే!

అక్కకు ఆ గొంతు తెలుసు. తమ్ముడి గొంతు ఆమెకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? ఆ మోతలో మాటలు వినపడి ఉండవు. గొంతు విన్నది. అది చాలనుకుంది. వస్తాడనుకుంది.

మర్నాడు పొద్దున చావు కబురు. షాపు తెరవలేదు. డ్రాయర్లో ఆ ఫోన్ చార్జింగ్ అయిపోయి ఎప్పుడు ఆరిపోయిందో, దాని ఊసే మరిచిపోయాడు. కొత్త ఫోన్ తెరిచి ఆ పిల్లకు చూపించాడు. చూడు బిడ్డా, నాకు రాలేదు, అన్నాడు.

సాంసన్ మట్టిలో కూలబడ్డాడు. లోపల్నుంచి ఏడుపు తన్నుకొచ్చింది.

కాపరి ముసలాయన దగ్గరికొచ్చాడు. "ఏమైంది బిడ్డా? దెబ్బ తాకిందా? జర నీళ్లు తాగు."

ఇయర్‌ఫోన్ మోగింది.

ఎత్తకూడదనుకున్నాడు. చెయ్యి తనంతట తానే ఎత్తింది.

"మామా! దొరికిండా?"

"...దొరికిండు బిడ్డా."

"అమ్మ ఫోన్ చేసిందా?"

చక్రం దగ్గర కట్టేసిన మనిషి ఇటే చూస్తున్నాడు. లేదు అని ఒక్క మాటంటే చాలు. వీడు ఫోన్ ముట్టనివ్వలేదు అంటే చాలు. ఆ పిల్ల నమ్ముతుంది. మామ మాట కాబట్టి నమ్ముతుంది.

"చేసింది బిడ్డా."

అవతల పావని ఒక్కసారిగా ఏడ్చేసింది. "నాకు తెలుసు! చేస్తదని నాకు తెలుసు మామా! ఎవరన్న ఎత్తిండ్రా?"

"ఎత్తిండ్రు."

"మరి అమ్మ ఏమన్నది? ఎత్తినోణ్ణి అడిగినవా? ఆఖరికి అమ్మ ఏమన్నదంట మామా?"

సాంసన్ కళ్లు మూసుకున్నాడు. ఇంజిన్ మోత. ఆయాసం. ఆ సగం మాట. ఎంత చెవులు రిక్కించినా అది అంతకుమించి వినపడదు.

"ఇనలే బిడ్డా..."

"ఎవరు ఇనలే?"

"నేనే! నేనే ఎత్తిన పావనీ... అక్క మాట ఇనకుండనే కట్ చేసిన!"