తీసేసిన నాలుగు ఫోటోలు

రాజోలులో బస్సులు ఆగే చోటికి ఎదురుగా మా స్టూడియో ఉండేది. ఫోటోలు తీయడం మా ఆయన సత్తిరాజు పని, కంప్యూటర్లో సర్దడం నా పని. డిజిటల్ కెమెరా కొన్న రెండేళ్లకే కంప్యూటర్ నిండిపోయింది. ఇక్కడి కరెంటుకి హార్డ్‌డిస్క్ ఏ రోజైనా పోతుందని నేను ఆయనతో పోరేదాన్ని. ప్రతి ఫోటోనీ మూడు సీడీల మీద రాద్దాం, ఒకటి స్టూడియోలో, ఒకటి ఇంట్లో, ఒకటి రావులపాలెంలో మా అక్క దగ్గర ఉంచుదాం అనేదాన్ని. చెమ్మకి పాడవకుండా బియ్యం పోసిన స్టీలు డబ్బాలో పెడదామని కూడా చెప్పాను.

"పెళ్లిళ్లవి రాయి. మిగతావి ఎందుకూ?" అనేవారాయన.

మిగతావంటే పోలీసులు పిలిస్తే వెళ్లి తీసినవి. కాలవలో కొట్టుకొచ్చిన శవాలవి. ఎవరూ రాకపోతే పూడ్చేస్తారు. ఆ తరవాత ఆ మనిషి మొహం మిగిలేది మా కంప్యూటర్లోనే. ఆ మాటంటే ఆయన నవ్వేవారు.

రెండు వేల ఆరులో, వరద తగ్గిన మూడో నెలలో లోవమ్మ వచ్చింది. అంతర్వేది వైపు, చేపల వేటకెళ్లే కుటుంబం. కూతురు పోలమ్మ వరద రోజుల్లో రొయ్యల షెడ్డులో పనికని వెళ్లి తిరిగి రాలేదట. కాలవ లాకుల దగ్గర ఒక ఆడమనిషి శవం దొరికిందనీ, పూడ్చేశారనీ ఆవిడకి ఆ వేళే తెలిసింది. పోలీసు స్టేషన్లో ఉన్న ప్రింటు నీళ్లకి తడిసి మొహం చెరిగిపోయిందట, స్టూడియోలో అడగమన్నారట.

"ఒక్కసారి చూపించండి బాబూ. మా పిల్లో కాదో తెలిస్తే చాలు. తలుపు తీసుంచాలో, దీపం పెట్టాలో తెలీట్లేదండి," అంది.

మా ఆయన తలెత్తలేదు. "అలాంటి ఫోటోలేవీ లేవండి."

"చూడకుండానే లేవంటున్నారేంటండీ?"

"లేవన్నాను కదండీ."

ఆవిడ అరవలేదు. ఆయన్ని చాలాసేపు చూసింది. నేను బయటిదాకా వెళ్లి మా ఇంటి ఫోన్ నంబరు రాసిచ్చి, రేపు మళ్లీ రమ్మన్నాను. "ఆయ్," అని గొడుగైనా లేకుండా వానలో వెళ్లిపోయింది.

లోపలికొచ్చి వెతికాను. లాకుల ఫోటోలు నాలుగు ఉండాలి. ఒక్కటీ లేదు.

"నేనే తీసేశాను," అన్నారు మా ఆయన. "పెళ్లి ఫోటోలకి చోటు చాల్లేదు. అనాథ శవాలని ఎన్నాళ్లు మోస్తాం?"

"అనాథ కాదు. తల్లి వచ్చింది. మీ ఎదురుగా నిలబడి అడిగింది."

"ఇంక ఆపు వేణీ."

కెమెరా సంచీ తగిలించుకుని తాటిపాకలో పెళ్లికి వెళ్లిపోయారు. ఆయన మీద అంత కోపం నాకు పెళ్లయ్యాక ఎప్పుడూ రాలేదు.

తీసేసిన ఫైళ్లని వెతికి తెచ్చే ప్రోగ్రామ్ ఒకటి మా దగ్గరుంది. మధ్యాహ్నం రెండింటికి అది నడపడం మొదలుపెట్టాను. జల్లు కొడుతోందని షట్టర్ సగం దించాను. లోపల మానిటర్ వెలుగు తప్ప ఇంకేం లేదు. హార్డ్‌డిస్క్ గోరుతో గీకినట్టు చప్పుడు చేస్తోంది. సగం బూడిదరంగైన పెళ్లికూతుళ్లు, తలలేని పిల్లలు... చెడిపోయిన పాత ఫోటోలు ఒక్కొక్కటే పైకి వస్తున్నాయి.

వాసన ముందొచ్చింది. కాలవ బురద, కుళ్లిన గుర్రపుడెక్క. కాలవ అక్కడికి చాలా దూరం.

తరవాత ఫోటోలు వచ్చాయి. లాకుల గట్టు మీద పడుకోబెట్టిన మనిషి. పక్కకి తిరిగిన మొహం. ఎదురుగా మొహం. నాలుగోది చెయ్యి, దాని మీద పచ్చబొట్టు. 'లోవ' అని తల్లి పేరు.

అయిదోది కూడా వచ్చింది.

అందులో శవం లేదు. మా ఆయనున్నారు. కెమెరా కంటికి ఆనించుకుని కిందకి వంగి ఉన్నారు. వెనక మబ్బు. ఆ ఫోటో నేల మీద నుంచి తీసింది. శవం ఉన్న చోటు నుంచి.

నేను ఆయన సెల్‌కి ఫోన్ చేశాను. వెనక సన్నాయి వినిపిస్తోంది. ఉన్నదున్నట్టు చెప్పాను.

"తీసెయ్," అన్నారాయన.

అప్పుడు కూడా అదే మాట. నేను ఫోన్ పెట్టేశాను.

నా మెడ మీద చల్లగా తగిలింది. వెనక్కి తిరగలేకపోయాను. చెవి పక్కనే, నీళ్లు నిండిన గొంతు...

"రాయి..."

రాశాను. మా ఆయన తీసిన నాలుగే రాశాను, అయిదోది రాయలేదు. మూడు సీడీలూ, ఇంక ఎవరూ ఏమీ ఎక్కించడానికి వీల్లేకుండా మూసేశాను. మూడోది బయటికొచ్చేసరికి వాసన పోయింది. షట్టర్ కింద నుంచి బయటికి తడి పాదాల గుర్తులున్నాయి. లోపలికి వచ్చినవి మాత్రం లేవు.

మర్నాడు లోవమ్మ వచ్చింది. ఫోటోలో పచ్చబొట్టు మీద వేలు పెట్టి కూర్చుండిపోయింది. మా ఆయన బయటికెళ్లిపోయారు. అక్కకని రాసిన సీడీ, ప్రింట్లు ఆవిడ చేతికిచ్చాను. ఆవిడ దండం పెట్టబోతే నేను పెట్టనివ్వలేదు.

ఆ తరవాత మూడో వారం, ఆదివారం మధ్యాహ్నం ఇంటికి ఫోన్ వచ్చింది.

"లోవమ్మనండి. కర్మ జరిపించేమండి. పిల్ల మొహం పెద్దది చేయిద్దామని ఇక్కడ కంప్యూటరున్నాయన దగ్గర మీ సీడీ పెట్టించేనండి."

"చెప్పండమ్మా."

"నాలుగన్నారు కదండీ. ఇందులో అయిదున్నాయి. మీ ఆయన నిద్రపోతున్న ఫోటో ఎందుకిచ్చేరండి?"

"ఎలా ఉన్నారు అందులో?"

"గళ్ల లుంగీ అండి. చొక్కా లేదు. ఎదురుగా, మొహానికి బాగా దగ్గరగా తీసేరు."

నేను గదిలోకి చూశాను. మా ఆయన గళ్ల లుంగీతో, గోడ వైపు తిరిగి నిద్రపోతున్నారు. మా మంచం ఆ గోడకి ఆనుకునే ఉంటుంది. ఆయన మొహానికీ గోడకీ మధ్యలో చెయ్యి కూడా దూరదు.