ఖాళీ వాటాలో వెలిగిన లైటు

"చీకటమ్మా చీకటీ, వాకిట్లో ఎవరమ్మా...
పేరు చెప్పి పిలిచావంటే, గడియ తీస్తానమ్మా..."

చిన్నప్పుడు పాడుకునేవాళ్ళం. తర్వాతి ముక్క ఎంత తవ్వుకున్నా రావడం లేదు. పోనీలెండి.

మా వీధి చివర మేడ మీద ఒక ఖాళీ వాటా ఉంది. పొద్దుగూకితే ఆ మెట్ల వైపు ఎవరూ తలెత్తి చూడరు. తాళం వేసిన ఇంట్లో లైట్లు వాటంతట అవే వెలుగుతాయి... టీవీ మాట్లాడుతుంది... అద్దెకు చూడ్డానికి వచ్చినవాళ్ళు వచ్చిన కాళ్ళతోనే పోయేవారు.

అంతకుముందు అందులో మంచం దిగలేని పెద్దావిడ ఉండేది. కొడుకు ఇల్లు మారుతూ వెంట తీసుకెళ్ళాడు. "ఆవిడ పోయే ఉంటుంది. ప్రాణం ఇక్కడే కొట్టుకులాడుతోంది" అని వీధి వీధంతా తీర్మానించేసింది.

మా ఆడపడుచు కొడుకు కేబుల్ పని చేస్తాడు. ఆ వాటాలో ఇంటావిడ టీవీకి సెట్‌టాప్ బాక్సు పెట్టింది వాడే. ఒకప్పుడు ఆ పెట్టె టీవీలో బొమ్మలు చూపించి ఊరుకునేది. ఇప్పుడలా కాదుట — లైట్లు, ఫ్యాన్లు, వీధి తలుపు తాళం, అన్నిటి పెత్తనం దానిదే. నోటితో చెబితే చాలు, చేసేస్తుందిట! కన్నపిల్లలకే పదిసార్లు చెప్పాలి, ఇదేం చోద్యమో అనుకున్నాను.

"ఆ పెట్టె పీకి పట్టుకుపో నాయనా, ఇల్లు ఖాళీగా ఉంటే నేను తినేదేమిటి?" అని ఇంటావిడ మావాణ్ణి బతిమాలింది. "నిన్ను చూస్తే దెయ్యమే జడుసుకుంటుందిలే!" అని ఉబ్బేసింది కూడా.

మునిమాపు వేళ వెళ్ళాడు.

అడుగు పెట్టాడో లేదో — హాల్లో లైటు వెలిగింది. స్విచ్చు నొక్కి ఆర్పాడు. మళ్ళీ వెలిగింది. పడకగదిలోనూ వెలిగింది...

"ఎవరండీ?" అన్నాడు.

టీవీ మోగింది. సౌండు పెరిగింది... ఇంకా పెరిగింది... గోడలు అదిరేటంత. వాడి వెనకాల వీధి తలుపు టక్కుమని తెరుచుకుంది. మూశాడు. మళ్ళీ — టక్!

పెట్టె వైర్లు లాగేశాడు.

అంతా ఆగిపోయింది. చిమ్మచీకటి. పెట్టె చంకన పెట్టుకుని, తలుపు లాగి, బయట తాళం బిగించి, ఒకటే పరుగు.

మర్నాడు ఉండబట్టలేక ఆ పెద్దావిడ కొడుక్కి ఫోన్ చేశాడు.

"మీ అమ్మగారు... ఎప్పుడు పోయారండీ?"

"ఇవాళ తెల్లవారుజామున... నీకప్పుడే ఎవరు చెప్పారు?"

మావాడు వాళ్ళింటికి వెళ్ళాడు. ఆవిడ తలగడ పక్కన చిన్న డబ్బా ఉంది, మాట అందుకునేది. పాత ఇంటి నుంచి తెచ్చిందే. ఇల్లు మారిందని దానికెవరూ నేర్పలేదు. ఆవిడ ఇక్కడ చెబితే, ఆ పెట్టె అక్కడ ఖాళీ వాటాలో చేసేది.

ముందురోజు సాయంత్రం ఇంట్లో ఎవరూ లేరు. ఆవిడ మంచం మీంచి పడిపోయింది. వాళ్ళు తిరిగొచ్చేసరికి నేల మీదే ఉంది.

"లైటు వెయ్యమంటే వెయ్యడం లేదురా అని రోజూ అనేది," అన్నాడట కొడుకు. "చాదస్తం అనుకున్నాం."

అటునుంచి అటే మావాడు మా ఇంటికొచ్చి గుమ్మంలో కూలబడ్డాడు. మంచినీళ్ళిస్తే ముట్టలేదు.

"లైటు వేస్తే ఎవరైనా చూస్తారనుకుంది అత్తా. సౌండు పెంచితే పక్కింటికి వినబడుతుందనుకుంది..."

"నీకేం తెలుసురా, నువ్వేం చేస్తావు?" అన్నాను.

వాడు తలెత్తలేదు.

"ఆవిడ అడిగితే తలుపు తెరుచుకుంది అత్తా... నేనే మూసి, తాళం వేసి వచ్చాను."