గువ్వలదొడ్డికి దారి

కెలమంగలం సంత దాటి కొంచెం దూరం పోతే మల్బరీ తోటల మధ్య ఒక పెంకుటిల్లు కనిపిస్తుంది. దానికి ఆనుకునే పట్టుపురుగుల షెడ్డు. షెడ్డు గోడకు ఇవతల, కిటికీ దగ్గర బల్ల వేసుకుని చెన్నకేశవ గళ్ళనుడి తయారు చేస్తాడు. బెంగళూరులో ఒక తెలుగు దినపత్రిక డెస్కులో జుట్టు నెరిసేదాకా పనిచేసి ఇల్లు చేరినా, ఆదివారం అనుబంధంలోని ఆ ఒక్క పనీ వదల్లేదు.

గళ్ళు అమర్చడం చాలామందికి వచ్చు. అతనికి పేరు తెచ్చినవి ఆధారాలు. మిగతావాళ్ళు 'ఒక పాత్ర' అని రాసి ఊరుకునే చోట అతను నాలుగు వాక్యాలు రాస్తాడు. వస్తువు పేరు చెప్పడు, దాని బతుకు చెబుతాడు. చదివేవాడు దారిలో ఒకటి రెండు సార్లు తప్పిపోవాలి. జవాబు దొరికాక, ఇంతసేపూ కళ్ళ ముందే ఉందే అని నవ్వుకోవాలి.

షెడ్డుకు ఆకు కోసే గుర్రప్పకు ఈ పని ఎన్నటికీ అర్థం కాలేదు. అతని ఎడమ కాలు సన్నం, ఈడుస్తూ నడుస్తాడు. ఆకు మోపు దించి కిటికీలోంచి తొంగి చూసేవాడు.

"ఏమప్పా, మేము మళ్ళో నాటితే నువ్వు గళ్ళో నాటుతుండావు. తినేదానికి ఏమన్నా కాస్తుందా?"

"ఆదివారం కోతకు వస్తుంది గుర్రప్పా."

"వస్తే నాకూ ఒక మోపు పెట్టు. ఆవుకు ఏస్తాను."

ఈ విద్య చెన్నకేశవకు పత్రికాఫీసులో అబ్బింది కాదు. మేనత్త పిల్లమ్మ దగ్గర వచ్చింది. అతని భార్య త్రివేణి పురిటి మంచం మీదే పోతే, పుట్టిన బిడ్డ కావ్యశ్రీని ఎత్తుకుని పెంచింది కూడా పిల్లమ్మే. దీపం పెట్టే వేళకు షెడ్డు గడప మీద కూర్చుని, ఆకు వక్క, పొగాకు నములుతూ పొడుపుకథ వేసేది. పగలు వేసేది కాదు. జవాబు గట్టిగా నోటితో చెప్పాలి. తెలియకపోతే ఊరు ఇవ్వాలి.

"చెప్తావా, ఊరిస్తావా?" అని అడిగేది.

చేతగానివాడు ఏదో ఒక ఊరి పేరు చెప్పి ఇచ్చేస్తాడు. అప్పుడు ఆమె కళ్ళు మూసుకుని, "బేరిగై ఇచ్చినావు. బేరిగైకి పోయినాను. సంతలో తిరిగినాను. ఆడ దొరికింది, కొబ్బరికాయ" అని జవాబు తానే చెప్పేది. ఏ ఊరు ఇస్తే ఆ ఊర్లోనే జవాబు దొరకాలి. అదీ ఆట. జూజువాడి నుంచి కృష్ణగిరి దాకా ఉన్న ఊర్లన్నీ చెన్నకేశవ చిన్నప్పుడే ఆమెకు ఇచ్చేశాడు. తర్వాత కావ్యశ్రీ కూడా ఇచ్చింది.

వానలు పడకముందే పిల్లమ్మ పోయింది. చివరి రోజుల్లో పక్షవాతంతో మాట పడిపోయింది. కావ్యశ్రీ హోసూరు ఫ్యాక్టరీకి బయలుదేరుతుంటే మంచంలోంచి ఆ పిల్లనే చూసేది. ఏదో అడగాలనుకుని అడగలేని చూపు.

చెన్నకేశవ ఏడవలేదు. పన్ను పీకే ముందు చిగుళ్ళకు సూది వేసినట్టు లోపల ఒక పక్క మొద్దుబారింది. తాకితే తెలుస్తుంది, నొప్పి తెలియదు. కర్మకాండ ముగిసిన మర్నాడే బల్ల దగ్గర కూర్చుని ఆ వారం గళ్ళు పూర్తి చేశాడు.

ఒక సాయంత్రం సన్నగా తుంపర పడుతుండగా కరెంటు పోయింది. చెన్నకేశవ కొవ్వొత్తి వెలిగించుకున్నాడు. గోడ అవతల పురుగులు ఆకు తింటున్నాయి. గూడు కట్టే వయసుకు వచ్చిన పురుగులు తినే చప్పుడు అచ్చం వాన చప్పుడే. బయట వాన, లోపల వాన. పుట్టినప్పటి నుంచి వింటున్న చప్పుడు కాబట్టి అతనికి అది నిశ్శబ్దంతో సమానం.

అది ఆగింది.

ఒక తట్టలో కాదు. అన్ని తట్టల్లోనూ ఒకేసారి.

కొవ్వొత్తి పట్టుకుని షెడ్డు తలుపు దాకా పోయాడు. ఆకుల మీద పురుగులన్నీ తలలెత్తి ఉన్నాయి. అన్నీ గడప వైపే. పచ్చి ఆకు వాసన మీదుగా ఇంకో వాసన వచ్చింది. తమలపాకు, పొగాకు...

"నది తాగినా నానదు," అంది గడప దగ్గరి చీకటి, నెమ్మదిగా. "నిప్పు మీద కూర్చున్నా ఏడవదు. పెండ్లిలో అందరి కాళ్ళూ ముట్టుకుంటుంది, ఎవరికీ దండం పెట్టదు. ఏమిది?"

భయం వేయాలి. వేయలేదు. పనితనం తెలిసినవాడు మంచి పని చూసినప్పుడు తలాడించినట్టు అతని తల ఆడింది.

"చెంబు," అన్నాడు.

పురుగులు మళ్ళీ తినసాగాయి.

మర్నాడు పెరట్లో ఇత్తడి చెంబు లేదు. అంచు దగ్గర సొట్ట పడిన పాత చెంబు, పిల్లమ్మ వాడింది. ఎవరో ఎత్తుకుపోయి ఉంటారని కావ్యశ్రీ అంది. అతను సరే అన్నాడు.

మళ్ళీ అలాంటి సాయంత్రమే పురుగులు ఆగాయి.

"మోపు మోస్తాడు, కాపురం మోయలేడు. పచ్చని దాన్నంతా కోసి, తెల్లని పాలకు ఆశపడతాడు. నడిచిపోతే వెనక ఒక అడుగు మిగులుతుంది, ఒక గీత మిగులుతుంది. ఎవరు?"

ఒక అడుగు, ఒక గీత. ఎన్నేళ్ళు రాసినా తనకు తట్టని మాట. ఆ మాట అందం చూస్తుండగానే నోరు తెరుచుకుంది.

"గుర్రప్ప."

అన్న తర్వాతే చెంబు గుర్తొచ్చింది.

పొద్దున తోటలో గుర్రప్ప కొడవలి ఉంది. సగం కట్టిన మోపు ఉంది. తడి మట్టిలో ఒక అడుగు, ఒక గీత... ఒక అడుగు, ఒక గీత. సాలు మధ్య దాకా పోయి, అక్కడ ఆగిపోయాయి. తిరిగి వచ్చిన గుర్తు లేదు. పక్కకు పోయిన గుర్తూ లేదు.

గుర్రప్ప భార్య నాగరత్నం వచ్చి వాకిట్లో కూర్చుంది.

"నీ తోటలోకే కదప్పా వచ్చింది. యాడికి పోయినాడో నీకు తెలీదా?"

"తెలీదు నాగరత్నమ్మా."

"ఊరి మీది సంగతులన్నీ పేపర్లో రాస్తివే. ఈడ నీ తోటలో మనిషి పోతే తెలీదంటావే."

అతనికి తెలిసింది ఆమెకు చెప్పదగింది కాదు.

ఆ రోజు మధ్యాహ్నం నుంచి మబ్బు పట్టింది. తర్వాతి ఆధారం ఎవరిదో చెన్నకేశవకు తెలిసిపోయింది. పక్షవాతపు మంచంలోంచి చూసిన ఆ చూపే ఆధారం. కావ్యశ్రీకి ఫోన్ చేశాడు, ఈ రాత్రికి హోసూరులోనే ఎవరైనా స్నేహితురాలి ఇంట్లో ఉండిపొమ్మని చెబుదామని. ఫోన్ మోగలేదు. షిఫ్టు ముగిసేదాకా ఫ్యాక్టరీ గేటు దగ్గర ఫోన్లు పెట్టెలో పెట్టి తాళం వేస్తారు. చాలాసార్లు చేశాడు. చివరికి తువ్వాలు తీసుకుని నోటికి అడ్డంగా గట్టిగా కట్టుకున్నాడు. ఒక్క పేరు నోరు దాటకుండా ఉంటే చాలు.

కరెంటు పోయింది. పురుగులు ఆగాయి.

ఈసారి గొంతు గడప దగ్గర లేదు. లోపల ఉంది. బల్లకు అవతల, అతను కాళ్ళు చాపితే తగిలేంత దగ్గర.

"పుట్టినప్పుడు ఏడవలేదు, వీపు తడితే ఏడ్చింది. నేను నమిలిన ముద్ద తిని పెరిగింది. మోకాటి మీద నెలవంక ఉంది, కొడవలి గీసింది. చీకట్లో పోతుంది, చీకట్లో వస్తుంది, నడుమ ఎండ మొహం చూడదు. మెడలో బొమ్మ వేలాడుతుంది, ఆ బొమ్మలో ఉండేది తన మొహమే. ఎవరు?"

ఫ్యాక్టరీ గుర్తింపు కార్డు. అత్త దాన్ని ఎప్పుడూ వింతగా చూసేది.

తువ్వాలు కింద పెదవులు కదిలాయి. పళ్ళు బిగించాడు.

"చెప్తావా... ఊరిస్తావా?"

పొగాకు వాసన మొహం మీదికి వచ్చింది.

అతను ఆలోచించాడు. ఊరివ్వాలి. కెలమంగలం ఇస్తే కెలమంగలం పోతుంది. బేరిగై ఇస్తే బేరిగై పోతుంది. అన్నిట్లోనూ మనుషులు ఉన్నారు. గళ్ళు నిండక ఇబ్బంది పడ్డప్పుడు చేసే పనే చేశాడు. లేనిదాన్ని ఒకటి కల్పించాడు. తువ్వాలు కిందికి లాగాడు.

"గువ్వలదొడ్డి ఇచ్చినాను."

కొవ్వొత్తి చిటపటమంది.

"ఆ ఊరు నాకు తెలీదే. దోవ చెప్పు."

చెప్పాడు. లేని ఊరికి దారి చెప్పడం అతనికి కష్టం కాదు, అదే కదా వృత్తి. కెలమంగలం దాటినాక ఎడమ పక్క నీలగిరి చెట్లు వస్తాయన్నాడు. వాటి మొదట్లో సున్నం కొట్టిన మైలురాయి, దాని మీద పేరు ఉండదు. మట్టిరోడ్డు. వీధికంతా ఒకే సోలార్ లైటు, అది వెలిగి ఆరి వెలుగుతుంది. ఆ లైటు కింద తలుపు లేని రేషన్ కొట్టు. చెబుతున్నకొద్దీ ఊరు కుదురుకుంది. తీసేయాల్సిన ముక్క ఒక్కటీ లేదు. ఇక వెతుక్కుంటూ పో అత్తా, అనుకున్నాడు. లేని చోట ఎంతకాలం వెతికినా దొరకదు. ఇన్నాళ్ళ తర్వాత లోపల ఎక్కడో చిన్న తృప్తి కదిలింది.

"గువ్వలదొడ్డి ఇచ్చినావు," అంది గొంతు. అది తలుపు వైపు జరుగుతోంది. "గువ్వలదొడ్డికి పోయినాను..."

పురుగులు తినసాగాయి. బల్ల మీద తువ్వాలు పడి ఉంది.

ఏ ఊరు ఇస్తే ఆ ఊర్లోనే జవాబు దొరకాలి.

అది అతనికి గుర్తొచ్చిన క్షణంలోనే ఫోన్ మోగింది.

"నాయనా..."

"యాడుండావమ్మా?"

"బస్సు మన స్టాపులో ఆగలేదు. నిద్ర పట్టింది కాబోలు, చూసుకోలేదు. డ్రైవరు ఈడ దింపి, ఇదే నీ ఊరు అని పోయినాడు." ఆమె గొంతు తగ్గించింది. "నీలగిరి చెట్లుండాయి. మైలురాయి మీద పేరు లేదు."

"ఆడే నిలబడు. లోపలికి పోవద్దు."

"లైటు ఒకటే వెలుగుతుండాది నాయనా... ఆరిపోతుండాది... ఎవరో ముందర పోతుండారు. కాలు ఈడుస్తా పోతుండాడు. గుర్రప్ప మాదిరే ఉండాడు. చేతిలో మన చెంబు."

"పిలవద్దు!"

"నేను పిలవలేదు. కొట్టులోంచి పిల్లమ్మవ్వ పిలిచింది."

"పలకొద్దు. వినపడుతుండాదా? నువ్వు పలకొద్దు తల్లీ."

"నేను పలకలేదు," అంది. ఆమె ఊపిరి వినిపించింది. "నా గొంతుతోనే ఎవరో పలికినారు."

తర్వాత చాలాసేపు ఫోన్‌లో వాన చప్పుడు. వాన కాదు. ఆకు తినే చప్పుడు. ఆ చప్పుడూ ఆగింది.

"నాయనా." ఈసారి గొంతులో భయం లేదు. ఏమీ లేదు. "ఒకటి అడుగుతాను, చెప్పు. విత్తనం లేకుండా నాటుతాడు, కొడవలి లేకుండా కోస్తాడు. ఉన్న ఊర్లన్నీ పంచిపెట్టి లేని ఊరు కట్టినాడు. ఏడవాల్సిన నాడు ఏడవలేదు. కూతుర్ని దాచినాను అనుకుని తానే దోవ చూపించినాడు. ఎవరు?"

కొవ్వొత్తి అడుగంటింది.

"చెప్తావా నాయనా... ఊరిస్తావా?"

ఇవ్వడానికి ఇంకో ఊరు కల్పించొచ్చు. దానికీ దారి అడుగుతారు. అతను కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. ఆధారం బాగుంది. ఒక్క మాట ఎక్కువ లేదు.

"చెన్నకేశవ," అన్నాడు.

ఆ వారం గళ్ళనుడి పత్రికాఫీసుకు ఎప్పటిలాగే మెయిల్‌లో అందింది. అడ్డంలో ఒక ఊరి పేరుకు ఇచ్చిన ఆధారం అతను రాసిన వాటిలోకెల్లా పొడవైంది. డెస్కులో ఉన్న భువన తగ్గించాలని చూసింది, తీసేయాల్సిన ముక్క కనపడక అలాగే వదిలేసింది. రాసినాయనకు ఫోన్ చేసింది, ఎత్తలేదు. ఆదివారం అచ్చయింది. జవాబులు పంపిన పాఠకులంతా గువ్వలదొడ్డి అనే రాశారు. అలాంటి ఊరు లేదని ఒక్కరూ అనలేదు.

జూజువాడి నుంచి ఒక పెద్దాయన మాత్రం ఫోన్ చేశాడు. పత్రికలో తప్పు పడితే చెప్పే అలవాటున్న మనిషి.

"ఆధారం శానా బాగుందమ్మా. చిన్న తప్పు పడింది, అంతే. ఆ రేషన్ కొట్టుకు ఇప్పుడు తలుపు ఉంది. మొన్ననే పెట్టినారు."

"సవరణ వేస్తామండీ," అంది భువన.

"వేసేటప్పుడు ఇదీ రాసుకోండి," అన్నాడాయన. "గడియ బయటి పక్క ఉంది. మనుషులు లోపలి పక్క ఉండారు."